పొయ్యి చిన్న కోడలిది

మా అత్తవారింట్లో నేను అల్లుణ్ణని ఇబాదాన్‌లో మా పేట అంతటికీ తెలుసు. వంటవాణ్ణని మాత్రం ఆ ఇంటి పెరట్లో జింకు రేకుల వెనక్కి వచ్చే ఇంటివాళ్ళకే తెలుసు. పదిహేనేళ్ళుగా ఈ రెండు సంగతులూ ఒకదానికొకటి ఎదురుపడకుండా ఆ రేకులే కాపలా కాశాయి.

నా పేరు జిమో. ఐదో తరగతితో నా బడి అయిపోయింది. అంటే నేను పూర్తి చేశానని కాదు, మా నాన్న పోయాడు. ఒగ్బొమోషో లారీల అడ్డాలో మా మేనత్తకు అన్నం కొట్టు ఉండేది. అక్కడ గిన్నెలు తోమాను, మిరపకాయల తొడిమలు తీశాను, ఆఖరికి తెడ్డు పట్టాను. టమాటా, మిరప ముద్దలో ఉడికించే జొలోఫ్ అన్నం వండడం నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మేనత్త చేతి దెబ్బలు తప్పించుకోవడానికి నేర్చుకున్నాను. తర్వాత ఇబాదాన్‌లో ఒక బట్టల మిల్లు క్యాంటీనులో పన్నెండేళ్ళు వండాను. మోరినాను పెళ్ళి చేసుకున్నాను. కూతురు కుదిరా పుట్టింది. ఆ తర్వాత మిల్లు మూతపడింది, మిల్లువాళ్ళు ఇచ్చిన గదీ పోయింది. మామగారు వచ్చి, "నిలదొక్కుకునేదాకా మా ఇంట్లో ఉండు అల్లుడూ" అన్నాడు. ఇల్లరికం అనే మాట ఎవరూ అనలేదు. నేను నా పెట్టె మోసుకుంటూ ఆ గుమ్మం దాటుతుంటే చూసినవాళ్ళకు వేరే చెప్పాల్సిన పనేముంది?

వచ్చిన ఏడాదే మా పెద్ద బావమరిది బిసిరియు కొడుక్కి పేరు పెట్టే వేడుక జరిగింది. కోడళ్ళు ముగ్గురూ కలిసి అన్నం పాడు చేస్తున్నారు. పెద్ద కోడలు రమోతా ఏడుస్తోంది. చూస్తూ ఉండలేక తెడ్డు లాక్కున్నాను. ఆ రోజు అతిథులు వేళ్ళు నాక్కున్నారు. "ఎవరమ్మా వండింది?" అని అడిగితే మా అత్త అల్హాజా ఒక్క క్షణమైనా తడుముకోకుండా, "మా కోడళ్ళు" అంది.

అంతే. అప్పటినుంచి పెళ్ళయినా, నామకరణమైనా, చావయినా వండేది నేను, వండినట్టు చెప్పేది కోడళ్ళు. ఇంట్లో కోడళ్ళుండగా బయటివాళ్ళ చేత వండించుకునే ఇల్లు ఇల్లు కాదని మావాళ్ళ పట్టుదల. ఇక మగవాడు, అందులోనూ అల్లుడు వండాడంటే ఆ ఇంటి పరువు వీధిలో పడ్డట్టే. అందుకే రేకులు కట్టారు. బావమరుదులు ఆ రేకుల పైనుంచి తొంగి చూసి, "మా పెళ్ళాం వంట ఎంతవరకు వచ్చింది?" అని నవ్వేవాళ్ళు. ఈ ఇంట్లో పుట్టిన ప్రతి మగవాణ్ణీ కోడళ్ళు 'మా ఆయన' అనే పిలవాలి. నన్ను కోడళ్ళ లెక్కలో వేశారు కనుక వాళ్ళకు ఆ మాట సరదా. నాకు కాదు.

పోయిన ఏడాది యినుసా కనబడ్డాడు. మిల్లులో నాతో పనిచేసినవాడు. ఓయో రోడ్డు మీద లారీలు ఆగే చోట వాడికి అన్నం కొట్టు ఉంది, వెనక రెండు గదులున్నాయి. మోకాళ్ళు పడిపోయి కొట్టు నడపలేకపోతున్నాడు. "నువ్వూ మోరినా వచ్చి నడుపుకోండి. నాకు రోజూ ఒక పళ్ళెం అన్నం పెడితే చాలు" అన్నాడు. ఆ రోజు ఇంటికి నడిచి వచ్చాను. బస్సెక్కితే ఆ మాట జారిపోతుందేమోనన్నట్టు నడిచాను.

మోరినా వింటూనే మడతపెడుతున్న బట్టలు పూర్తి చేసింది. తర్వాత అంది, "మనకు నిలువ నీడ లేనప్పుడు నాన్న గుమ్మం తెరిచాడు. మావాళ్ళు పొమ్మంటే వస్తాను. నా అంతట నేను ఆ గుమ్మం దాటను."

"వాళ్ళెందుకు పొమ్మంటారు? ఊరికే వండిపెట్టేవాడు ఎవరికి చేదు?"

"అయితే ఉండు" అంది.

మామగారి కాళ్ళ మీద పడి అడిగాను. "వేడుకలన్నీ కానీ, చూద్దాం" అన్నాడు. ఈ ఇంట్లో వేడుకలు ఎప్పుడవుతాయి? ఎవరో ఒకరు పుడుతూనే ఉంటారు, ఎవరో ఒకరు చస్తూనే ఉంటారు. ఆఖరికి మామగారే చనిపోయాడు. బిసిరియును అడిగితే, "నాన్న మట్టి ఇంకా ఆరలేదు, అప్పుడే మూట కడుతున్నావా బావా?" అన్నాడు నలుగురిలో. యినుసా కబురు చేశాడు: నెలాఖరుదాకా చూస్తాను, ఆపైన ఇంకొకడికి ఇస్తాను అని.

అప్పుడు ఆలోచించాను. వాళ్ళే నన్ను పొమ్మనాలి. అల్లుడిగా నన్ను పొమ్మనరు, అది వాళ్ళకు చిన్నతనం. వంటవాడిగా పనికిరాకపోతే? ఒక్కసారి, నలుగురూ చూసే రోజున, అన్నం చెడితే? ఎనిమిదో రోజు దువా, పోయినవాళ్ళ కోసం చేసే ప్రార్థన, దగ్గరపడుతోంది. మసీదు పెద్దలు, ప్రార్థన చదివే అల్ఫాలు, మామగారి సంఘంవాళ్ళు, పేటంతా వస్తారు. అంతకంటే మంచి రోజు దొరకదు.

ఆ ఉదయం నమాజు కాగానే పెరట్లోకి వెళ్ళాను. దుమ్ము గాలి రోజులు. పళ్ళ మధ్య ఇసుక కరకరమంటోంది. చిన్న కోడలు సిదికా అప్పటికే మూడు రాళ్ళ పొయ్యిలు రెండూ ఊడ్చి, కట్టెలు పేర్చింది. మసి తేలిగ్గా పోవాలని గుండిగల అడుగులకు సబ్బు ముద్ద పూస్తోంది. చిన్న బావమరిది తౌఫీకు పెళ్ళాం. వచ్చి ఏడు నెలలైంది. కడుపు ఇంకా పండలేదని అప్పుడే అత్త గదిలో గుసగుసలు మొదలయ్యాయి. పొయ్యి చిన్న కోడలిది. ఏ కోడలు ఆఖరున వస్తే కట్టెలు, మంట, నిప్పులు ఆమె చేతిలో ఉంటాయి. ఇంకో కోడలు వచ్చేదాకా ఆ పొగ ఆమె కళ్ళదే.

"తెల్లారిందా కుదిరా నాన్నా?" అంది. "ఈ కట్టెలు అమ్మినవాడు మా ఆయనకు చుట్టమేమో, చూడకుండా కొనుక్కొచ్చాడు! ఒక్కటీ ఆరలేదు."

"తడి కట్టె అయితే పొగ ఎక్కువ. పొగ ఎక్కువైతే రుచి."

"ఆ రుచి మీరు నోటితో తింటారు, నేను కళ్ళతో తింటున్నాను."

నవ్వాను. ఆ ఇంట్లో నన్ను నవ్వించేది ఆ పిల్ల ఒక్కతే. ఇవాళ తర్వాత ఈమెతో కూర్చుని నవ్వే పని ఉండదనుకున్నాను. వెలితిగా అనిపించింది. అయినా అంతకుమించి ఆలోచించలేదు. ఆలోచించి ఉండాల్సింది.

ముసలి కోళ్ళు ముప్ఫై కోశారు. ఉల్లిపాయ, బిరియానీ ఆకు, థైమ్ ఆకు, కర్రీ పొడి, ఉప్పు వేసి ఉడకబెట్టాను. ముసలి కోడి గట్టిది, పంటితో పోట్లాడుతుంది, కానీ దాని నీళ్ళలో ఉన్న బలం బ్రాయిలర్ కోడికి పది జన్మలకీ రాదు. ఉడికిన ముక్కలు తీసి నూనెలో వేయించి రమోతాకు అప్పగించాను. వేడుకల్లో మాంసానికి కాపలా పెద్ద కోడలిది. తట్టను ఒళ్ళో పెట్టుకున్నంత పని చేసి, దాని మీద మూత, మూత మీద మోచెయ్యి పెట్టి కూర్చుంది.

"అల్లుడుగారూ, ఒక కాలు తక్కువైనట్టుంది. మీ కడుపులోకి నడిచిపోయిందా?"

"ఉంటే తీసుకో అక్కా, అరిగిపోకముందే."

"చీ, మీ కడుపులోది నాకెందుకు? పోయిన నెల నుంచి కడిగారో లేదో!"

కోడళ్ళు పగలబడి నవ్వారు. సిదికా నవ్వుతూనే కట్టె ముందుకు తోసింది.

వీధి చివర మరలో రుబ్బించి తెచ్చిన టమాటా, పొడుగు ఎర్ర మిరప, బొద్దు మిరప, ఉల్లి ముద్ద నాలుగు బకెట్లుంది. గుండిగలో నూనె కాగింది. ముద్ద పోశాను. కిటుకంతా ఇక్కడే ఉంది. ఆ ముద్ద ఉడకాలి, వేగాలి, నీరంతా చావాలి, పులుపు చావాలి, పచ్చి వాసన పోయి ఎర్రనూనె పైకి తేలాలి. గంట పట్టినా సరే, తెడ్డు ఆపకూడదు. నా చెయ్యి ఆ పని నన్ను అడగకుండానే చేసుకుపోతుంది. ఆ రోజు చేతిని ఆపాను. ఇరవై నిమిషాలకే కోడి నీళ్ళు అందుకున్నాను.

సిదికా తల పైకెత్తింది. "నూనె తేలలేదుగా?"

"తేలుతుంది లే."

"తేలేదాకా మీరు మమ్మల్ని మాట్లాడనివ్వరుగా. పోయినసారి నేను దగ్గితే కూడా తిట్టారు."

"ఇవాళ జనం ఎక్కువ. తొందర."

కోడి నీళ్ళు అలవాటు ప్రకారం పోశాను. ఆమె వంగి నిప్పులు ఎగదోసేటప్పుడు, పక్కనున్న బకెట్లోంచి మామూలు నీళ్ళు నాలుగు పెద్ద గిన్నెలు పోశాను. రెండో గుండిగలోనూ అంతే. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. పదిహేనేళ్ళలో ఆ పెరట్లో నా ఇష్టానికి నేను చేసిన మొదటి పని అది. బియ్యం పోసి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, మూత పెట్టి, మూత మీద బరువు పెట్టాను.

వేడుక అన్నానికి అడుగు కాస్త పట్టాలి. నీరు ఇగిరాక కట్టెలు లాగేసి నిప్పుల మీద వదిలేస్తే అడుగు మాడి, ఆ పొగ వాసన గుండిగంతా ఎక్కుతుంది. అది లేకపోతే ఇంట్లో పొద్దున్నే వండుకున్న అన్నం, అంతే. ఆ రోజు నీరు ఇగరలేదు. సిదికా రెండుసార్లు మూత దగ్గర ముక్కు పెట్టి, "వాసన రావడంలేదు, ఇంకా కట్టెలు పెట్టనా?" అంది.

"వద్దు. చాలు" అన్నాను.

దువా అయిపోయింది. షామియానా కింద అందరూ ఒకే తాను గుడ్డ కట్టుకుని కూర్చున్నారు. నాకూ ఆ గుడ్డ ఇచ్చారు, కుట్టించుకున్నాను, పెట్టెలో మడతపెట్టి ఉంది. వంట రోజుల్లో అది కట్టుకునే వేళ నాకెప్పుడూ దొరకదు.

మూత తీసేసరికి అన్నం లేదు. ఎర్రటి జావ ఉంది. తెడ్డు నిలబెడితే మెల్లగా పక్కకు ఒరిగింది. రమోతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కానీ బయట జనం కూర్చునే ఉన్నారు, పళ్ళాలు ఆగవు. వడ్డించారు. పక్కన వేయించిన కోడి ముక్క ఆ జావలోకి దిగబడిపోయింది. కాసేపు చెంచాల చప్పుడు వినిపించింది, తర్వాత అదీ ఆగింది. అప్పుడు మసీదు ఆడవాళ్ళ సంఘంలో ఒక ముసలావిడ గట్టిగా అంది, "పళ్ళులేని మాలాంటివాళ్ళ మీద ఈ ఇంటి కోడళ్ళకు ఎంత దయో!"

షామియానా మొత్తం నవ్వింది. చనిపోయినాయన ఎనిమిదో రోజున, ఆయన సొంత వాకిట్లో నవ్వింది.

బిసిరియు రేకులు తోసుకుని లోపలికి వచ్చాడు. నేను తెడ్డు కింద పెట్టి, చేతులు తుడుచుకుని నిలబడ్డాను. వాడి నోట్లోంచి రావాల్సిన మాట కోసం ఏడాదిగా ఎదురుచూస్తున్నాను. వాడు నా వంక చూడనైనా చూడలేదు.

"పొయ్యి ఎవరిది?" అన్నాడు.

నేను నీళ్ళ గురించి ఆలోచించాను, పులుపు గురించి ఆలోచించాను. మంట గురించి ఆలోచించలేదు. అన్నం జావైంది, అడుగు పట్టలేదు, పొగ వాసన లేదు. అంటే మంట లేదు. మావాళ్ళకు అంతకంటే వేరే లెక్క తెలియదు.

"పొయ్యి ఎవరిదని అడుగుతున్నా!"

సిదికా రెండు మోకాళ్ళ మీద కూలబడింది. "నాదేనండీ. కానీ నేను మంట పెట్టాను. దేవుడి మీద ఒట్టు, పెట్టాను."

"పెడితే ఇదేంటి? మా నాన్నకు జావ పోస్తావా? ఏడు నెలల్లో ఈ ఇంటికి నువ్వు చేసిన మేలు ఇదొక్కటే. తౌఫీకూ! నీ పెళ్ళాం మూట కట్టించు. సాయంత్రం బస్సుకు వాళ్ళ నాన్న దగ్గర దింపిరా."

తౌఫీకు తల దించుకుని నిలబడ్డాడు.

నేను వెంటనే నోరు తెరిచానని చెప్పాలని ఉంది. తెరవలేదు. ఇప్పుడు నా వంతు వస్తుంది, ఇప్పుడు నా వైపు తిరుగుతాడు అని చూశాను. ఆమె నా వంక చూసింది. బతిమాలే చూపు కాదు. ఏదో కూడుకుంటున్న చూపు. నూనె తేలకపోవడం, వద్దు చాలు అనడం, అన్నీ ఒకటొకటిగా. అప్పుడు అన్నాను.

"మంట తప్పు కాదు. నీళ్ళు నేను ఎక్కువ పోశాను."

రేకుల అవతల తలలు ఇటు తిరిగాయి. బిసిరియు ఒక్క క్షణం ఆగి, పెద్దగా నవ్వి, బయటకు వినిపించేలా అన్నాడు, "చూశారా మా బావ మంచితనం! చిన్నపిల్ల ఏడుస్తుంటే చూడలేక తన నెత్తిన వేసుకుంటున్నాడు!" తర్వాత నా మోచెయ్యి పట్టుకుని చెవిలో, "నోరు మూసుకుని లోపలికి నడు. మా నాన్న దువాకి అల్లుడి చేత వండించామని ఊరంతా చాటిస్తావా?"

"కావాలనే పోశాను."

"పోశావో తాగావో నాకనవసరం. వండింది కోడళ్ళు. నువ్వు వండలేదు. ఎప్పుడూ వండలేదు."

నేను మంచిగా వండినన్ని రోజులూ ఆ మంచి నాది కాలేదు సరే, ఇప్పుడు చెడు కూడా నాది కాదన్నాడు.

మా అత్త గదిలోకి వెళ్ళాను. భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గది దాటకూడదు. కిటికీ సగం మూసి, నల్లగుడ్డ కప్పుకుని, చాప మీద కూర్చుంది. జపమాల వేళ్ళ మధ్య తిరుగుతోంది. ముందున్న పళ్ళెంలో నా ఎర్ర జావ, ఒకే ఒక్క చెంచా తీసిన గుర్తు. నేలకు బోర్లా పడి దండం పెట్టాను.

"లే. ఎన్ని గిన్నెలు పోశావు?" అంది.

"నాలుగు."

"టమాటా కూడా వేగనివ్వలేదు. నాలుక మీద పెట్టగానే తెలిసింది. పదిహేనేళ్ళుగా నీ చేతి అన్నం తింటున్నాను జిమో. నీ చెయ్యి తప్పదు. తప్పించావు."

"తెలిసి కూడా ఆ పిల్లను ఎందుకు పంపుతున్నారు అల్హాజా? నన్ను పంపండి. మీరు పొమ్మంటే మోరినా నాతో వస్తుంది. మేం ఎక్కడో మా బతుకు బతుకుతాం."

"నువ్వు పోతే ఎవరు వండుతారు?"

"నేర్పిస్తాను. సిదికాకు నేర్పిస్తాను. మంచి చెయ్యి."

జపమాల ఆగింది. "బయట మా ఇంటి అన్నం చూసి నవ్వారు. ఆ నవ్వు మింగేలా ఇంకో అన్నం పెట్టాలి. నలభయ్యో రోజుకు అందరినీ మళ్ళీ పిలుస్తాం. సిదికాను అప్పటికి రప్పిస్తాను. అదే పొయ్యి దగ్గర కూర్చోబెడతాను. అన్నం బాగుంటే ఉంటుంది. మళ్ళీ చెడిందో, వాళ్ళ నాన్నే వచ్చి తీసుకెళ్తాడు, ఇక ఈ గుమ్మం తొక్కదు."

"అది ఏ తప్పూ చేయలేదని మీకు తెలుసు."

"తెలుసు. అందుకే దాన్ని పెడుతున్నా. నిన్ను ఇక్కడ నిలబెట్టేది నువ్వు చేసిన తప్పు కాదు, దానికి పడే శిక్ష."

ఆవిడ కిటికీ సందులోంచి బయటకు చూసింది. "నాకు మాత్రం వాకిట్లోకి వెళ్ళి నాలుగు మాటలు అని రావాలని లేదనుకుంటున్నావా? పద్నాలుగో ఏట వచ్చాను ఈ ఇంటికి. పొయ్యి పదకొండేళ్ళు నాదే. పో. పళ్ళెం తీసుకుపో."

మోరినా వాకిలి వెనక నిలబడి ఉంది. తలపాగా గుడ్డ ఊడదీసి చేతిలో పట్టుకుంది.

"కావాలనే చేశావా?"

"నువ్వేగా అన్నావు, వాళ్ళు పొమ్మంటే వస్తానని."

"పొమ్మన్నారా?"

"సిదికాను పొమ్మన్నారు."

"అయితే ఆమెతో వెళ్ళు" అని, గుడ్డ మళ్ళీ తలకు చుట్టుకుంటూ అతిథుల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ మాట కోపంలో అంది. అయినా ఈ రోజుకీ దాన్ని వెనక్కి తీసుకోలేదు.

సాయంత్రం సిదికా బస్సెక్కింది. యినుసాకు కబురు చేయాలని రెండుసార్లు ఫోను తీశాను. ఏమని చెప్పను? నేను ఎల్లుండి మోరినాను వదిలి ఒంటరిగా బయలుదేరినా ఎవరూ గొలుసు వేయరు. కానీ నలభయ్యో రోజున రేకుల వెనక తెడ్డు పట్టేది రమోతా అయితే, ఆ అన్నం ఏమవుతుందో నాకు తెలుసు, ఆ తర్వాత ఆ పిల్ల ఏమవుతుందో కూడా తెలుసు. అల్హాజాకూ తెలుసు. నెలాఖరు వచ్చింది, వెళ్ళింది. కొట్టు యినుసా మేనల్లుడు తీసుకున్నాడు.

నలభయ్యో రోజుకు ముందురోజు సిదికా వచ్చింది. చెంపలు లోపలికి పోయాయి. తెల్లవారగానే పొయ్యి ఊడ్చింది, గుండిగలకు సబ్బు పూసింది, కట్టెలు పేర్చింది. ఈసారి కట్టెలు వాళ్ళ ఊరినుంచి తానే తెచ్చుకుంది, బాగా ఎండినవి. నేను ముద్ద పోసి తెడ్డు తిప్పుతుంటే పీట లాక్కుని నా మోకాలి పక్కన కూర్చుంది. గంటా పది నిమిషాలు కదల్లేదు. ఎర్రనూనె పైకి తేలి అంచుల్లో బుడగలు పగిలాక వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. తల ఊపింది. నేను కోడి నీళ్ళ గిన్నె అందుకున్నాను.

"ఒకటి" అంది. పోశాను. "రెండు." పోశాను. ఆరు అయ్యాక నా చేతిలోంచి గిన్నె తీసుకుని తన వెనక పెట్టుకుంది.

"అల్లుడుగారికి కొత్త మేస్త్రీ దొరికింది" అంది రమోతా మాంసం తట్ట మీదనుంచి.

"అవునక్కా. కాస్త ఆలస్యంగా దొరికాను" అంది సిదికా.

ఆ రోజు అన్నం నేను బతుకులో వండినవాటిలోకెల్లా మంచిది. గర్వంతో చెబుతున్న మాట కాదు. గింజకు గింజ విడిగా, ఎర్రగా, మిరప ఘాటు గొంతులో ఆగి ఆగి దిగేటట్టు, పొగ వాసన వీధి చివరిదాకా. మామూలుగా వెళ్ళిపోయే జనం రెండో పళ్ళానికి కూర్చున్నారు. ఎనిమిదో రోజున నవ్వించిన ముసలావిడ రమోతా తల మీద చెయ్యి పెట్టి దీవించింది. బిసిరియు రేకుల పైనుంచి తొంగి చూసి, "మా పెళ్ళాం మళ్ళీ దారిన పడింది" అన్నాడు. తర్వాత సిదికా వంక చూసి, "నువ్వు ఉండవచ్చు" అన్నాడు, బస్సులో సీటు చూపించినట్టు.

అందరూ బయట తింటున్నప్పుడు మేమిద్దరమే మిగిలాం. సిదికా గుండిగ ఒరగదీసి, అడుగున పట్టిన మాడు గీకుతోంది. అది వండినవాళ్ళ వాటా.

"నేను చెప్పాను వాళ్ళతో" అన్నాను. "నీళ్ళు నేనే పోశానని."

"విన్నాను. నన్ను బస్సెక్కించమన్నాక చెప్పారు."

"నాకు ఇక్కడినుంచి పోవాలని ఉండింది సిదికా. అంతే. నీ మీదకు వస్తుందని తెలియదు."

"పదిహేనేళ్ళున్నారు. పొయ్యి ఎవరిదో తెలియదా?" గీకడం ఆపలేదు. "ముప్ఫై ఒక్క రోజులు మా నాన్న నా వంక చూడలేదు. మా అమ్మ ఇరుగుపొరుగుకి, అమ్మాయి ఒంట్లో బాగోక వచ్చిందని చెప్పుకుంది. నేను రాత్రింబవళ్ళు ఒకటే అనుకున్నాను. ఆ మనిషి ఉంటాడా, వెళ్ళిపోతాడా? మీరు వెళ్ళిపోతే నా పని అయిపోయినట్టే. నా మొగుడి కోసం కూడా నేను అంత దువా చేయలేదు."

"ఇప్పుడు అయిపోయిందిగా. నీకు నేర్పిస్తాను. నీ తర్వాత ఇంకో కోడలు వస్తే పొయ్యి ఆమెది, తెడ్డు నీది. అప్పుడు నేను..."

"ఇంకో కోడలా?" మొదటిసారి నవ్వింది. ఆ నవ్వులో పాత సిదికా లేదు. "ఈ ఇంట్లో పెళ్ళికి మిగిలినవాడెవడు కుదిరా నాన్నా? అందరికీ అయిపోయాయి. ఇంకో కోడలు వచ్చిందంటే నా సవతిగానే రావాలి. ఆమె పొయ్యి దగ్గరికి రావాలని మీరు ఎదురుచూస్తారా, నన్నూ చూడమంటారా?"

ఆ సంగతి నాకు తట్టలేదు. ఈ ఇంట్లో నాకు తట్టని సంగతులు చాలా ఉన్నాయి.

"నేర్చుకుంటాను" అంది. "చెప్పండి, నేర్చుకుంటాను. కానీ నేను ఒక్క రోజు తప్పు చేసినా పోయేది నేనే. మీరు తప్పు చేసినా పోయేది నేనే. కాబట్టి తెడ్డు మీ దగ్గరే ఉండనివ్వండి, గిన్నె నా దగ్గర ఉంటుంది. వచ్చే శుక్రవారం రమోతా అక్క తమ్ముడి నిఖా మాటలు మన ఇంట్లోనే. రెండు గుండిగలు. అల్హాజా పొద్దున్నే చెప్పింది."

"నాకు చెప్పలేదు."

"నాకు చెప్పింది. ఇకనుంచి నాకే చెబుతుందట, మీకు నేను చెప్పాలట."

మాడు రెండు భాగాలు చేసింది. పెద్దది నా పళ్ళెంలో పెట్టి, రమోతా కంట పడకుండా దాచిన కోడి రెక్క ఒకటి దాని మీద పెట్టి, నా ముందుకు తోసింది.

"తినండి. చల్లారితే గట్టిపడుతుంది."

నాకు ఆకలి లేదన్నాను. ఆమె పీట మీదనుంచి లేవలేదు. నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా చూసి, అప్పుడు తన పళ్ళెం దగ్గరికి లాక్కుంది.